రెండొందల యాభై బార్లు, చెంబెడు నీళ్లు

మా బావమరిది నల్లజర్లలో కార్లు కడిగే షాపు పెడుతున్నాడు. ఇలా అంటే వాడికి కోపం. ‘షాపు కాదండి బావగారూ, డీటెయిలింగ్ స్టూడియో’ అని సరిదిద్దుతాడు. స్టూడియో అంటే ఫొటోలు తీసే చోటనుకునే కాలం వాణ్ని నేను. మొన్నమొన్నటి దాకా రోడ్ల పక్కన రేకు బోర్డు మీద నీలం రంగుతో ‘వాటర్ సర్వీసింగ్’ అని రాసి ఉండేది. అంతకు ముందు ఆ బోర్డూ లేదు. ఎడ్లను కడిగిన చెరువు రేవులోకే లారీని దించి, క్లీనరు లుంగీ ఎగ్గట్టి వరిగడ్డి చుట్టతో రుద్దేవాడు. రేవు పోయి వాటర్ సర్వీసింగ్ వచ్చింది, అది కార్ స్పా అయింది, స్పా స్టూడియో అయింది. కారుకు అంటుకునేది మాత్రం ఇప్పటికీ ఆ మెట్ట ఎర్రమట్టే.

చోటు విషయంలో వాణ్ని తప్పు పట్టను. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి నాలుగు వరసల రోడ్డు పడ్డాక, తాడేపల్లిగూడెం, తణుకుల మీదుగా పోవలసిన బండ్లు బోలెడు నల్లజర్ల దారి పట్టాయి. ద్వారకా తిరుమలలో కొత్త కారుకి పూజ చేయించి, బానెట్ నిండా పసుపు కుంకుమలతో దిగొచ్చేవాళ్లున్నారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగబడే అల్లుళ్లున్నారు. పామాయిల్ గెలల ట్రాక్టర్లు ఉండనే ఉన్నాయి. బేరానికి లోటు లేదు. లోటల్లా మావాడు సామాను ఎంచుకునే తీరులో ఉంది.

‘బోరు వేశావా?’ అన్నాను. లేదు. ‘షెడ్డు?’ లేదు. ‘మురుగు ఎటు పోతుంది?’ ‘చూద్దాం లెండి.’ ‘మరి ఏం చేశావురా?’ అంటే సెల్‌ఫోను తీసి వీడియోలు చూపించాడు. నల్లకారు మీద తెల్లటి నురగ మంచులా కురుస్తోంది, వెనక సంగీతం, ఒకాయన కళ్లజోడు పెట్టుకుని నెలకి లక్షలు ఎలా వస్తాయో చెబుతున్నాడు. లక్షలు కార్లు కడిగితే వస్తున్నాయో, కార్లు కడగమని చెబితే వస్తున్నాయో ఆయన చెప్పలేదు.

పెట్టుబడికి ముద్రా రుణం తీసుకుంటాడట. ఆ రుణాల్లో శిశు, కిశోర్, తరుణ్ అని మెట్లున్నాయి. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. మావాడి వ్యాపారం ఇంకా పుట్టనే లేదు, అప్పుడే తరుణ వయసు మీదుంది. ఇరవై లక్షలిచ్చే తరుణ్ ప్లస్ కూడా 2024లో వచ్చిందని తెలిసి తెగ సంబరపడ్డాడు. అది ముందు తీసుకున్న తరుణ్ అప్పు తీర్చినవాళ్లకిచ్చేదిరా అని చెబితే ముఖం ముడుచుకున్నాడు.

ఇక మెషీన్లు అమ్మే ఏజెంటు సంగతి. ఊరు, కంపెనీ పేర్లు మనకెందుకు గానీ, టై కట్టుకుని వచ్చాడు. ‘రెండొందల యాభై బార్ మెషీనండి, రెండు హెచ్‌పీ మోటారు, ఇంట్లో ప్లగ్గుకే పెట్టేసుకోవచ్చు’ అన్నాడు. మావాడికి తెలిసిన బార్ ఒకటే, సాయంత్రం ఆరు దాటాక వెళ్లేది. అటువంటివి రెండొందల యాభై ఒక్కచోట ఉన్నాయనగానే కళ్లు మెరిశాయి. వాళ్లిద్దరూ కాఫీ తాగుతుండగా నేను కరెంటు బిల్లు వెనక ఒక లెక్క కట్టాను. ఇది ఇంజనీర్ల రహస్యమేమీ కాదు. ఒత్తిడిని కొలిచే బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే ఆ పనికి ఎన్ని కిలోవాట్లు కావాలో వస్తుంది. రెండు హెచ్‌పీ అంటే ఒకటిన్నర కిలోవాట్లు. మోటారు ఒక్క వాట్ కూడా వృథా చెయ్యదనుకున్నా, రెండొందల యాభై బార్ దగ్గర అది నిమిషానికి తోడగలిగింది 3.6 లీటర్లు. మా అత్తగారు పొద్దున్నే తులసికోటకి అంతకంటే ఎక్కువ పోస్తుంది.

ఏజెంటుని అడిగాను. ‘బార్ ముఖ్యమండి సార్, లీటర్లు కాదు’ అన్నాడు. ఇదే ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద బూటకం. ఒత్తిడి మట్టిని ఊడదీస్తుంది, నిజమే. ఊడిన మట్టిని మోసుకుపోవలసింది నీరు. నీరు చాలకపోతే బానెట్ మీది మట్టి అద్దం మీదికి, అద్దం మీది మట్టి డోరు మీదికి ఊరేగుతుంది. కారుకి నూటిరవై బార్, పన్నెండు లీటర్లు ఉంటే దండి. లెక్క కట్టండి, నీటికే 2.4 కిలోవాట్లు, మోటారు నష్టాలు కలుపుకుంటే మూడున్నర, నాలుగు హెచ్‌పీ. రోజంతా తిరగాలంటే త్రీ ఫేజ్ కనెక్షన్. అంటే మెషీను కొనే ముందు కరెంటాఫీసుకి వెళ్లాలి. కరెంటాఫీసు వీడియోలు ఎవరూ తియ్యరు.

మెషీనుతో పాటు రంగురంగుల నాజిళ్లు నాలుగైదిస్తారు. ఎర్రది సున్నా డిగ్రీలు, నీరు సూదిలా వస్తుంది. పసుపు పదిహేను, ఆకుపచ్చ ఇరవై అయిదు, తెల్లది నలభై. కారుకి ఆకుపచ్చదో తెల్లదో వాడాలి. డెమోలో ఏజెంటు ఎర్రది తగిలించాడు, చూడ్డానికి జోరుగా ఉంటుందని. మా పక్కింటాయన కారు వెనకద్దం మీద ‘అమ్మ దీవెన’ అని స్టిక్కరుండేది. ఒక్క దెబ్బకి అమ్మ పోయి దీవెన మిగిలింది.

నురగ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. తీర్థంలో పీచుమిఠాయిలా చూడముచ్చటగా ఉంటుంది. దాని పని కాసేపు కారు మీద నిలబడి దుమ్మును నాననివ్వడం. మే నెల మిట్టమధ్యాహ్నం నల్లజర్ల ఎండలో, షెడ్డు లేని చోట, కాలిపోతున్న బానెట్ మీద అది నిలబడదు. నిమిషాల్లో ఎండి, కడిగినా పోని చారలు మిగులుస్తుంది. కాబట్టి నురగ కొనాలంటే ముందు నీడ కొనాలి. రేకుల షెడ్డుని సామాన్ల పట్టీలో ఎవరూ రాయరు. రేకుల్లో జర్మన్ టెక్నాలజీ లేదు కదా!

లిఫ్టు కూడా పెడతానన్నాడు మావాడు, గొయ్యి తీసి హైడ్రాలిక్‌ది. సరే. కొల్లేటి పక్క లంకల్లో జానెడు తవ్వితే నీరూరి లిఫ్టు మునుగుతుంది, మా మెట్టలో ఆ బాధ లేదు. ఇక్కడ వందల అడుగులు దింపితే గానీ నీరు తగలదు.

అసలు మజా ఏజెంటు ఆఖర్న చూపించాడు. చిన్న సీసా. ‘నైన్ హెచ్ సిరామిక్ కోటింగండి. కాఠిన్యంలో వజ్రం తర్వాత ఇదే.’ మావాడు సీసాని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. ఖనిజాల కాఠిన్యానికి మోస్ కొలత ఒకటుంది. 1 నుంచి 10 దాకా, పదోది వజ్రం. తొమ్మిది అనగానే జనం మనసు అక్కడికి పోతుందని అమ్మేవాళ్లకి బాగా తెలుసు. కానీ ఈ తొమ్మిది పక్కన ఉన్న హెచ్ వజ్రాలది కాదు, పెన్సిలుది. మనం బళ్లో డ్రాయింగుకి కొన్న 2హెచ్, 4హెచ్‌ల వరసలో చిట్టచివరి పెన్సిలు. దాన్ని 45 డిగ్రీల వాలున, 750 గ్రాముల బరువుతో పూత మీద నెడతారు. గీత పడకపోతే 9హెచ్ అని సర్టిఫికెట్ ఇస్తారు. అంతే పరీక్ష. నల్లజర్ల సెంటర్లో కారు ఆపి టిఫినుకెళితే పిల్లలు దాని మీద గీసేది పెన్సిలుతో కాదు బాబూ, మేకుతో.

‘అయితే ఆటోమేటిక్‌ది పెట్టేద్దామండి, మనిషి చెయ్యే పడదు’ అన్నాడు మావాడు. ఈ ఆటోమేటిక్ మోజు ఇవాళ్టిది కాదు. 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఇద్దరు ‘ఆటోమొబైల్ లాండ్రీ’ అని తెరిచారు. ఫ్యాక్టరీలో కార్లు వరసలో కదిలినట్టే ఇక్కడా కదులుతూ ముందుకి పోయేవి. కదిలించేది మనుషులు. ఒకడు తోస్తాడు, ఒకడు సబ్బు పెడతాడు, ఒకడు కడుగుతాడు, ఒకడు తుడుస్తాడు. యంత్రయుగానికి అది శ్రీకారమన్నమాట.

తాడేపల్లిగూడెంలో ఒక పాత వాటర్ సర్వీసింగ్ ఉంది, బోర్డులో ‘వా’ చెరిగిపోయింది. సామాను చెప్పమంటారా? పెద్ద సిమెంటు తొట్టె, బెల్టు పంపు, రేకుల షెడ్డు, ఒక కుర్రాడు. ఆ కుర్రాడి భుజాన మూడు గుడ్డలుంటాయి. బాడీకొకటి, అద్దాలకొకటి, చక్రాలకొకటి. ఓసారి బాడీ గుడ్డ చేయి జారి కింద పడింది. ఎవరైనా దులిపి మళ్లీ వాడేస్తారు. వాడు దాన్ని చక్రాల గుడ్డల బకెట్లో పడేసి, లోపలికెళ్లి కొత్తది తెచ్చాడు. గుడ్డకి అంటిన ఇసకరేణువు పెయింటుని ఏం చేస్తుందో వాడికి ఏ ఏజెంటూ చెప్పలేదు. చక్రం పైన లోపలి మడతలోకి వేళ్లు పోనిచ్చి మట్టిపెళ్లలు తీస్తుంటే, కోడిపిల్లని పట్టుకున్నంత సుతారంగా ఉంటుంది. వాణ్ని కేటలాగులో ఏ పేజీలో వెతకాలో మా బావమరిదికి తెలీదు. జీతం ఎంతిస్తావురా అంటే మాత్రం మెషీన్లకే అయిపోయిందండి డబ్బంతా అన్నాడు.

నీళ్లకి మావాడి దగ్గర ఉపాయముంది. వాళ్ల నాన్న పామాయిల్ తోట బోరు నుంచి పైపు లాగుతాడట. వ్యవసాయానికని పగలు తొమ్మిది గంటలు ఉచితంగా ఇచ్చే కరెంటు అది. దాంతో కార్లు కడిగితే దొంగతనం కిందికొస్తుంది, ఆ మాట మామగారి ముందు నేను అనలేను. ఎండాకాలంలో ఒక్క పామాయిల్ చెట్టు రోజుకి సుమారు రెండొందల లీటర్లు తాగుతుంది. ఒక కారు కూడా అటూఇటూగా అంతే. కారు గెల వెయ్యదు, అదే తేడా. బోరు నీళ్లలో ఇసక వస్తే పంపు సీళ్లు తినేస్తుంది, ఉప్పుంటే ఆరిన కారు మీద తెల్ల చుక్కలు ముగ్గేస్తాయి. ఒక నీటి పరీక్ష, ఒక ఫిల్టరు, ఒక తొట్టె. వీటికి వీడియోలు లేవు.

బెంగళూరులో 2024 మార్చిలో తాగే నీళ్లతో కార్లు కడిగితే 5 వేలు జరిమానా అన్నారు. అక్కడ అప్పుడు స్టూడియోలకి కరువేమీ లేదు. మనదాకా రాదులెండి అన్నాడు. మరి గ్రీజూ డీజిలూ కలిసిన ఆ మురుగు? అది చూసుకునేది మనం కాదు, ఎర్రకాలవ. అక్కణ్నించి యనమదుర్రు డ్రెయిను.

ఇన్నీ విని మావాడు ‘ఆయ్, నిజమేనండి బావగారూ’ అని తలూపాడు. పదిహేను రోజుల తర్వాత ఫోను చేశాడు. బోర్డు వచ్చేసిందట, రాత్రిళ్లు అయిదు రంగుల్లో వెలుగుతుందట. గురువారం పది గంటలకి ముహూర్తం. మొదటి కారు నాదే కావాలని వాళ్లక్క పట్టు.

‘బోరు పడిందా?’ అన్నాను.

‘బోరు బండివాడు వచ్చే వారం వస్తానన్నాడండి. అందుకనీ... మీరు వచ్చేప్పుడు గూడెంలో కారు కాస్త కడిగించుకుని రండి బావగారూ, ఫొటోలు తీస్తారు.’