ఫ్రీ సర్వీసేనండి... ఆయ్!

"బండి పదివేల కిలోమీటర్లు దాటేసిందండి, ఫ్రీ సర్వీసేనండి, అట్టుకొచ్చేయండి" అని ఫోన్లో ఎంత ఆప్యాయంగా పిలుస్తారో! రాజమండ్రి హైవే పక్క షోరూముకి తోలుకెళితే ఏసీ గది, కాఫీ, అద్దం అవతల లిఫ్టు మీద మన బండి. ఫ్రీ అన్నది కూలి ఒక్కటేనట. ఆయిలు, ఫిల్టరు, చివరికి డ్రెయిన్ బోల్టు కింద ఉంగరమంత వాషరూ మన ఖాతాలోవే. ఆ పైన జీఎస్టీ 18 శాతం.

చిన్న కారు ఇంజిన్ తాగేది మూడు, మూడున్నర లీటర్లు. బిల్లు తాగేదానికే కొలత లేదు. "ఇంజిన్ ఫ్లష్ చేసేద్దామాండి? ఏసీకి మందు కొట్టేద్దామాండి?" కొత్తల్లుడికి వడ్డించినట్టు వద్దన్నకొద్దీ వేసేస్తారు. కాకపోతే ఇక్కడ ఖర్చు అల్లుడిది. వీటిలో ఏవి తప్పనిసరో డ్యాష్‌బోర్డు అరలోని పుస్తకంలో ఉంటుంది. దాని ప్లాస్టిక్ కవరు మనమెప్పుడు విప్పాం గనక!

"మరి తీసేసిన పాత ఆయిలేదీ?"

"2016 రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థమండి. అనుమతున్న రీసైక్లర్లకే పంపాలండి."

బిల్లు మాత్రం ఏ అనుమతీ అడక్కుండా చేతిలో పెట్టేశారు.