బాడీని బలంగా కట్టించకండి

పాత పికప్ బండికి బాడీ పోయిందంటే షెడ్డులో వినిపించే మొదటి మాట ఒకటే. "ఈసారి గట్టిగా కట్టేద్దాం అన్నా, ఇంకో పదేళ్ళు దానివైపు చూడక్కర్లేదు." గట్టిగా అంటే మందం రేకు, దగ్గర దగ్గరగా చానెళ్ళు, పక్కలు ఇంకో అడుగు ఎత్తు, చాసిస్‌కి నాలుగు చోట్ల వెల్డింగు. వినడానికి ధైర్యంగానే ఉంటుంది. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. బాడీని బలంగా కట్టించకండి. తేలిగ్గా, పొట్టిగా, పానాతో విప్పితే ఊడి వచ్చేలా కట్టించండి. బండిలో ఏదో ఒకటి ముందు పాడవ్వక తప్పదనుకుంటే అది బాడీయే అయ్యేలా చూసుకోండి. ఏ మేస్త్రికి చెప్పినా ఇది తలకిందుల సలహా అంటాడు. అననివ్వండి.

చాసిస్ నంబరు కొట్టి ఉండేది చాసిస్ మీద. ఆర్‌సీ నడిచేది ఆ నంబరు మీద. బాడీని రెండుసార్లు కాకపోతే మూడుసార్లు మార్చుకోవచ్చు. చాసిస్ చీలితే మాత్రం అతుకు మీద అతుకు వేసుకుంటూ భయం భయంగా నడపాలి, లేదా బండిని పాత ఇనుము కాటాకి ఎక్కించాలి. బొలెరో పికప్ కానివ్వండి, టాటా 207 కానివ్వండి, అడుగున ఉండేది రెండు పొడవాటి చానెళ్ళ మధ్య అడ్డకమ్మీలు బిగించిన నిచ్చెన చాసిస్. గతుకుల రోడ్డు మీద, పొలం గట్టు దిగేటప్పుడు, ఒక చక్రం గుంటలో పడ్డప్పుడు అది కొద్దిగా మెలి తిరుగుతుంది. తిరగాలి కూడా. దాన్ని చేసిందే అలా. దాని మీద కదలని, వంగని ఇనప పెట్టెని తెచ్చి అతికిస్తే ఆ మెలి అంతా పెట్టె మొదలయ్యే చోటుకి, అంటే క్యాబిన్ వెనక జానెడు జాగాకి చేరుతుంది. చాసిస్‌కి చీలిక పడేది చాలావరకు అక్కడే. బాడీ నవనవలాడుతూ ఉంటుంది, కింద చాసిస్ విరుగుతుంది. ఓనర్లు రోడ్డుని తప్పుపట్టినంతగా ఈ గట్టి బాడీని తప్పుపట్టరు. నాకు బాధ కలిగేది అందుకే.

కాబట్టి ముందు చేయాల్సిన పని: కొత్త బాడీకి అడ్వాన్సు ఇవ్వకండి. పాతదాన్ని దించి, బండిని కొన్నాళ్ళు ఉత్త చాసిస్‌తో నిలబెట్టండి. కిరాయిలు పోతాయి, నిజమే. ఉన్న గిరాకీ పక్క బండివాడికి పోతుంది, అదీ నిజమే. అయినా నిలబెట్టండి. ఈ బండి జీవితంలో చాసిస్ పై అంచు మళ్ళీ ఇంత తేటగా కంటికి కనిపించదు.

దించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీసేయాలి. వెనక లైట్ల వైరింగు, మడ్ ఫ్లాపులు, బాడీకి బిగించి ఉంటే డీజిల్ ట్యాంకు మూతి, ఇవన్నీ విడదీశాకే చైన్ బ్లాకు తగిలించాలి. పట్టేసిన బోల్టులకి ముందురోజు సాయంత్రమే ఆయిల్ పోసి వదిలేయండి. గ్యాస్ కటింగ్‌తో అరగంటలో ఊడదీస్తానంటే ఒప్పుకోవద్దు. బ్రేకు పైపులు, వైరింగు చాసిస్ లోపలి వైపునే పాకుతాయి, డీజిల్ ట్యాంకు చేయి చాస్తే అందే దూరంలో ఉంటుంది. గ్రైండర్ పెట్టినా నిప్పురవ్వలు పడే చోట తడి గోనెసంచి కప్పాలి.

బాడీ లేచాక అడ్డచానెళ్ళు ఆనిన చోట్లు చూడండి. మట్టి, ఎరువు, చేపల నీళ్ళు ఏళ్ళ తరబడి ఇరుక్కుని అట్టకట్టి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో గీరితే తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పొరలన్నీ తీసి, చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళండి. మంచి చోట ఖంగున మోగుతుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వెనక కమాన్ కట్టల షాకిల్ దగ్గర, క్యాబిన్ వెనక, స్టెప్నీ వేలాడే చోట రెండుసార్లు కొట్టండి. తరవాత రెండు మూలల నుంచి ఎదురు మూలలకి క్రాస్ కొలత తీయండి. రెండూ సమానంగా రాకపోతే చాసిస్ అప్పటికే ఒరిగింది. ముందు దాన్ని బాగుచేయించాలి, బాడీ సంగతి ఆ తరవాత. సుద్ద గుర్తులు ఎక్కువగా ఉండి, మీరు దాని మీద కొత్త బాడీకి డబ్బు పెట్టదలచుకుంటే పెట్టకండి. ఆ డబ్బుతో చాసిస్‌ని నిలబెట్టుకోండి.

చాసిస్ బాగుంటే కొత్త బాడీ కోసం కాకుండా పాత కంపెనీ బాడీ కోసం వెతకండి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లాంటి చోట విడదీసిన బండ్ల బాడీలు దొరుకుతాయి. సొట్టలు పడి, రంగు వెలిసి, ఒక పక్క డోరు వంకరగా ఉన్నా సరే, మీ మోడల్‌దీ, మీ వీల్‌బేస్‌దీ అయితే అదే తీసుకోండి. మెరిసే కొత్త బాడీ కంటే అది మేలంటే ఇంట్లోవాళ్ళు కూడా వింతగా చూస్తారు. కానీ దాని బోల్టు రంధ్రాలు మీ చాసిస్ రంధ్రాలతో కలుస్తాయి, బరువు కంపెనీ వేసిన లెక్కకి దగ్గరగా ఉంటుంది, కొలతలు ఆర్‌సీకి తేడా రావు. సొట్టని టింకరింగ్‌వాడు ఒక పూటలో తీస్తాడు. కొనే ముందు చూడాల్సింది ఒక్కటే. దాన్ని తలకిందులు చేయించి అడ్డచానెళ్ళ అడుగు చూడండి. పైన లప్పం పెట్టి రంగేసిన బాడీ అడుగున మాత్రం అబద్ధమాడదు.

కట్టించుకోక తప్పనివాళ్ళు బరువు గురించి కాస్త కాగితం మీద లెక్క వేసుకోవాలి. మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్న ఇనప రేకు 1 ఎం.ఎం. మందానికి 7.85 కిలోలు తూగుతుంది. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న నేల అంటే సుమారు 4.6 చదరపు మీటర్లు. 2 ఎం.ఎం. రేకు వేస్తే 72 కిలోలు, 3 ఎం.ఎం. వేస్తే 108, "ఇక తిరుగుండదు" అని 4 ఎం.ఎం. వేస్తే 144. ఒక్క నేలలోనే రెండింతల తేడా. పక్కలు అడుగు ఎత్తు పెంచితే 1.6 ఎం.ఎం. రేకే మరో 30 కిలోలు దాటుతుంది, దానికి యాంగ్లర్లు అదనం. ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ మారదు. బాడీకి ఎక్కిన ప్రతి కిలో మీరు కిరాయికి ఎక్కించుకునే సరుకులోంచి తగ్గాల్సిందే. అది ఎవరూ తగ్గించరు. కమాన్ కట్టకి ఒక పట్టీ ఎక్కువ వేయించి, పాత లోడే ఎత్తుతారు. పట్టీ వేస్తే స్ప్రింగు గట్టిపడుతుందంతే, చాసిస్‌కీ బ్రేకులకీ యాక్సిల్‌కీ బలం రాదు.

పక్కల ఎత్తు మాటకొస్తే, ఎత్తు పెంచకపోగా వీలైతే తగ్గించండి. మదనపల్లె టమాటా క్రేట్లకీ, సిమెంటు బస్తాలకీ ఎత్తు పక్కలతో పని లేదు. ఎత్తు ఉంటే నింపాలనిపిస్తుంది. తడిసిన ఇసుకని అంచుదాకా నింపిన పికప్‌ని మలుపులో చూసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. పత్తి, ఊక మోసేవాళ్ళ బాధ వేరు, నాకు తెలుసు. వాళ్ళు తీసి పెట్టుకునే జాలీ పక్కలు చేయించుకోవాలి, అదీ ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి అనుమతి ఉన్న మేరకే.

ఇక చాసిస్‌కీ బాడీకీ మధ్య అతుకు. పనంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. చాసిస్ చానెల్ పై అంచు మీద, కింది అంచు మీద ఒక్క చుక్క వెల్డింగు పడకూడదు, ఒక్క రంధ్రం పడకూడదు. బరువు పడ్డప్పుడు ఎక్కువ ఒత్తిడి ఆ రెండు అంచుల మీదే ఉంటుంది. అక్కడ రంధ్రం వేస్తే చీలికకి దారి చూపించినట్టే. కంపెనీ ఇచ్చిన రంధ్రాలు, బ్రాకెట్లు వాడండి. అవి చాలని చోట యూ బోల్టు వేయండి. యూ బోల్టు బిగించేటప్పుడు చానెల్ నోరు నొక్కుకుపోకుండా లోపల సరిగ్గా పట్టే ఇనప ముక్క పెట్టాలి. సైలెన్సర్ పైపు దగ్గర కాకపోతే గట్టి చెక్కముక్కైనా సరే. చాసిస్‌కీ బాడీ కింది చానెల్‌కీ మధ్య పొడుగునా రబ్బరు ప్యాకింగు వేయండి. కన్వేయర్ బెల్టు ముక్కలు ఇందుకు బాగా పనికొస్తాయి. బాడీ కింది పొడుగు చానెల్‌ని క్యాబిన్ వైపు చివర నిటారుగా కోసి వదలకండి. వాలుగా చెక్కించండి, బిగువు ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా మొదలవుతుంది. ఈ ఒక్క కోత కోసం మేస్త్రితో ఎంతసేపైనా వాదించండి. బోల్టులు వదులవుతాయి కదా, వెల్డింగైతే ఆ బెడద ఉండదు అంటాడు. బోల్టు వదులైతే చప్పుడు చేస్తుంది, బిగించుకోవచ్చు. వెల్డింగు పక్కన చీలిక చప్పుడు చేయదు.

నేలకి నేను చెక్కపలకలే చెబుతాను. ఈ రోజుల్లో చెక్కేంటి అంటారు. అమెరికాలో 1950ల నాటి షెవర్లే పికప్పులకి ఫ్యాక్టరీ నుంచే చెక్క నేల, పలకల మధ్య ఇనప పట్టీలతో వచ్చేది. మన లారీలు దశాబ్దాల పాటు చెక్క బాడీలతోనే తిరిగాయి. బరువులో పెద్ద లాభం లేదు, అంగుళం మందం గట్టి కలప 3 ఎం.ఎం. రేకుకి దగ్గర్లోనే తూగుతుంది. లాభం వేరే ఉంది. ఒక పలక పోతే ఆ పలకనే మారుస్తారు. పలకల మధ్య సందులోంచి నీళ్ళు కారిపోతాయి. సరుకు రేకు మీద జారినంతగా చెక్క మీద జారదు. బరువే తగ్గించుకోవాలనుకుంటే 12 ఎం.ఎం. మెరైన్ ప్లై వేయండి, మొత్తం నేల 40 కిలోల చుట్టుపక్కల తేలిపోతుంది. కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర చూసుకోండి, కోసిన అంచులన్నిటికీ రంగు పట్టించండి, కింద అడ్డచానెళ్ళు దగ్గరగా ఉంచండి.

ఆకివీడు, కైకలూరు వైపు చేపలూ రొయ్యలూ తోలేవాళ్ళకి ఒక మాట ప్రత్యేకం. ఐసు కరిగిన నీళ్ళు, ఉప్పు కలిసిన నీళ్ళు చాసిస్ మీద పడనివ్వకండి. నీళ్ళు పోయే రంధ్రాలు చాసిస్ చానెళ్ళకి బయటి వైపు పడేలా పెట్టించి, రంధ్రానికి చిన్న గొట్టం వేలాడదీయండి. సాయంత్రం మంచినీళ్ళతో పైన కడిగినంత సేపు కింద కూడా కడగాలి. యూరియా, కోళ్ళ ఎరువు మోసే బండ్లకీ ఇదే పద్ధతి. రంగు గురించి ఎక్కువ చెప్పను. రెడ్ ఆక్సైడ్ బాడీ బిగించే ముందే అడుగున పట్టించాలి, బిగించాక బ్రష్షు అందదు.

చట్టం విషయంలో మాత్రం నా మాట, షెడ్డు మాట రెండూ పక్కనపెట్టండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. 2019 సవరణ తరవాత చట్టంలో ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకి 2,000 జరిమానా ఉంది. నేల చెక్కది వేస్తున్నా, పక్కలు మారుస్తున్నా పని మొదలుపెట్టక ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని కలిసి అడగండి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా ఉంటుంది కాబట్టి ఆయనతో ఎలాగూ పని పడుతుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు, పక్కల పసుపు టేపు కొత్త బాడీకి మర్చిపోవద్దు.

బండి బయటికి వచ్చాక మొదటి లోడు సగమే ఎత్తండి. దించగానే బోల్టులన్నీ పానాతో మళ్ళీ బిగించండి. రబ్బరు అణుగుతుంది, చెక్క సర్దుకుంటుంది, ప్రతి బోల్టూ ఎంతో కొంత తిరుగుతుంది. మొదటి వారంలో ఇంకోసారి, ఆ తరవాత ఆయిల్ మార్చినప్పుడల్లా. పాత బాడీని కొత్తది ఎక్కిన రోజే అమ్మేయకండి. వెనక డోరు గొళ్ళాలు, తాడు కొక్కేలు, లైట్ల బ్రాకెట్లు వేటికి పనొస్తాయో ముందే తెలియదు. ఎఫ్‌సీ చేతికి వచ్చేదాకా షెడ్డు వెనక పడి ఉండనిచ్చి, అప్పుడు తూకానికి వేయండి.