కర్లీ షెంప్ వివాదవాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "కర్లీ ఉన్నవే సినిమాలు బావా! షెంప్ వచ్చాక ఇంకేముంది చూడ్డానికి?"

అవతారిక: మిస్సిసాగా పట్టణమున, జనవరి మాసపు శనివారము రాత్రి, వెలుపల మంచు మోకాలిబంటి పేరుకొని యుండగా, బేస్‌మెంటునందు భోజనానంతరము సుఖాసీనులైన ఆంధ్రులలో ఒకరు త్రీ స్టూజెస్ అను హాస్యత్రయమును గూర్చి తమ బావగారితో పలికిన ఈ వాక్యము, అల్పాక్షరమయ్యు అనల్ప కలహమునకు ఆకరమైనందున, పెరుగన్నము ముగియుటకును కారు తాళములు దొరకుటకును నడుమ చిక్కిన అవకాశమున దీనికి వ్యాఖ్య వ్రాయ సాహసించుచున్నాము.

ప్రతిపదార్థము: కర్లీ = గుండుతల జెరోమ్ హోవర్డ్; ఉన్నవే = 1934 మొదలు 1947 వరకు కొలంబియా సంస్థ విడుదల చేసిన 97 లఘుచిత్రములు మాత్రమే; సినిమాలు = స్పష్టము; బావా = ఎదుట సోంపు నములుచున్న ఓ షెంప్ పక్షీయుడా; షెంప్ = కర్లీకి అన్నగారు; వచ్చాక = 1946లో కర్లీకి పక్షవాతము సోకగా ఆ స్థానమున నిలిచిన పిమ్మట; ఇంకేముంది = కాకువు, ఏమియు లేదని భావము; చూడ్డానికి = నిద్ర మానుకొని కూర్చుండుటకు.

విశేషము: "ఉన్నవే" యను అవధారణమునందు అతివ్యాప్తి దోషము కలదు. 1947 నాటి హోల్డ్ దట్ లయన్ షెంప్ చిత్రమే. కాని అందు రైలుపెట్టెలో నిద్రించుచున్న ప్రయాణికుడు సాక్షాత్తు కర్లీ, అదియు జుట్టు పెంచుకొని! వక్త మతమున ఈ చిత్రము చూడదగినదో కాదో బావగారు అడిగినపుడు సమాధానముగా టీ తెప్పింపబడినది.

ఇక షెంప్‌ను పరస్థానాక్రమణ చేసినవానిగా తలచుట చరిత్ర నెరుగనివారి మాట. టెడ్ హీలీ అను హాస్యనటునితో రంగస్థలముపై, త్రయమందలి తక్కిన యిరువురగు మో, లారీల సరసన మొదట నిలిచినవాడు షెంపే; 1932లో తన దారి తాను చూచుకొని వెడలిపోగా తమ్ముడు కర్లీ ఆ చోటికి వచ్చెను; 1946లో అన్న మరల వచ్చెను. లెక్కించి చూడుడు, సరిగా పదునాలుగేండ్లు! వనవాసము ముగించుకొని వచ్చిన అగ్రజునకు అయోధ్యాపురవాసులు హారతులెత్తిరి. ఇచటి పురవాసులు మాత్రము నేటికిని భరతునికై కన్నీరు విడుచుచున్నారు.

షెంప్ చిత్రములు కొన్ని చప్పగా నుండుట నిజమే. అందులకు హేతువు షెంప్ కాదు, ధనము. 1950 తరువాత వ్యయము తగ్గింపగోరి సంస్థవారు పాత చిత్రముల ముక్కలను క్రొత్తవాటిలో అతుకుచు వచ్చిరి. 1955 నవంబరులో షెంప్ గతించిన పిదపను, పాత ముక్కలతోను, మొగము చాటుచేసికొన్న జో పాల్మా అను మారునటుని వీపుతోను మరి నాలుగు చిత్రములు పూర్తిచేసిరి. వీపునకు అభినయదోషము నంటగట్టుట ఏ లాక్షణికునకును తగదు.

వక్త మరచిన మరియొక ముఖ్యవిషయము గలదు. కర్లీ యుగపు మేలిచిత్రములలో పెక్కింటికి దర్శకుడైన డెల్ లార్డ్ 1894లో ఒంటారియోలోని గ్రిమ్స్‌బీ గ్రామమున జన్మించెను. స్వదేశమునుండి వచ్చిన అత్తమామలను నయాగరా జలపాతమునకు గొనిపోవునపుడెల్ల మన తెలుగువారు క్యూఈడబ్ల్యూ రహదారిపై ఆ యూరి ప్రక్కనుండియే పోవుచు, దానివంక కన్నెత్తియైనను చూడరు. ఆతని 1941 నాటి యాన్ ఏక్ ఇన్ ఎవ్రీ స్టేక్ అను చిత్రమున పెద్ద మంచుదిమ్మను నిడుపైన మెట్లవరుసపై మోసికొనిపోవునంతలో అది కరగి చిటికెడు ముక్కగా మిగులును. (జనవరిలో మన వీధియందైనచో ఈ కథ నడవదు, దిమ్మ మరికొంత పెరుగును.) కాలము నెరిగి దెబ్బ వేయించుటలో ఆతడు సిద్ధహస్తుడు. కావున కర్లీకి సమర్పించిన పూలదండలో సగమైనను గ్రిమ్స్‌బీకి చెల్లవలెనని మా మతము. ఈ దర్శకుడే 1948లో షెంప్‌తో షివరింగ్ షెర్లాక్స్ తీసెననుట బావగారి చేతికి మేమందిచ్చుచున్న ఆయుధము.

పాఠాంతరము: అదే గృహమందలి పెద్దమ్మగారు "రేలంగి, రమణారెడ్డి ఉన్నవే సినిమాలు" అని పఠించి, 1955 నాటి మిస్సమ్మను ప్రమాణముగా చూపుదురు. మూలముతో సంబంధము లేకున్నను దీనిని ఖండించిన వ్యాఖ్యాత ఇంతవరకు పుట్టలేదు.

తాత్పర్యము: వక్తగారు చిన్ననాట మొదట చూచినవి కర్లీ చిత్రములు, బావగారు చూచినవి షెంప్ చిత్రములు. కర్లీ, షెంప్‌ల పిదప వచ్చిన జో బెసర్ చిత్రములు 16 గలవు. వాటిని గూర్చి ఉభయపక్షములకును ఏకాభిప్రాయమే గనుక, ఆ రాత్రి వాటిని పెట్టుమని ఎవరును అడుగలేదు.