ఒకటో గుంపులో తాతయ్య

రెండో తరగతి పిల్ల ఇంట్లో ఉంటే బడి వార్తలు రెండు దారుల్లో వస్తాయి. టీచరమ్మ వాట్సాప్‌లో కన్నడంలో పంపేది ఒకటి, పిల్ల అన్నం తింటూ తెలుగులో చెప్పేది ఇంకొకటి. రెండూ ఒకే బడి గురించి అంటే ఎవరూ నమ్మరు. "ఈ వారం కొలతలు నేర్పుతున్నాం, ఇంట్లో గిన్నెలతో చేయించండి" అని టీచరమ్మ. "ఈరోజు గుడ్డు పెట్టారు తాతయ్యా, ఒకడిది జారి వరండా చివరిదాకా దొర్లింది" అని మా మనవరాలు. ఆ గుడ్డు అరగంట దొర్లింది. కొలతల ఊసే లేదు.

గుడ్డు వార్త కాదని అనలేం లెండి. 2021 డిసెంబరులో రాయచూరుతో సహా కళ్యాణ కర్ణాటక జిల్లాల బడుల్లో గుడ్డు పెట్టడం మొదలైనప్పుడు పేపర్ల నిండా అదే. కొందరు స్వాములు వద్దన్నారు, గంగావతి బడిపిల్లలు కావాల్సిందేనని గట్టిగా మాట్లాడారు. పిల్లలే నెగ్గారు. తినని వాళ్లకి అరటిపండు.

మాది రాయచూరు జిల్లా కవితాళ దగ్గర, తెలుగు రైతులు వలస వచ్చి కట్టుకున్న క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువకి నీళ్లొచ్చాయని తెలిసి మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఉన్నది అమ్ముకుని ఇక్కడ నల్లరేగడి కొన్నారు. అప్పటినుంచీ పొలంలో వరి, ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. ఆ బళ్లో నడిచే చదువు పేరు నలి-కలి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలై, 2009-10 నాటికి రాష్ట్రమంతా పాకింది. అయితే దాని పుట్టిల్లు మన మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ. అక్కడి పల్లె బడుల్లో కార్డులతో చదువు చెప్పే పద్ధతి చూసొచ్చే మైసూరు టీచర్లు దీన్ని అల్లుకున్నారు. అంటే మనమూ వలస వచ్చినవాళ్లమే, మన పిల్ల చదువూ వలస వచ్చిందే.

ఈ చదువులో ర్యాంకు ఉండదు. గోడమీద నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. పిల్లల్ని అయిదు గుంపులుగా కూర్చోబెడతారు: ఒకటో గుంపుకి పూర్తిగా టీచరు సాయం, రెండోదానికి కొంత సాయం, తర్వాత రెండు గుంపులకి తోటి పిల్లల సాయం, అయిదోది ఎవరి సాయమూ అక్కర్లేనిది. పరీక్ష పోయిందని నేను సంతోషిస్తూ ఉండగానే మనవరాలు ఇంట్లో వాళ్లందరికీ గుంపులు కట్టేసింది. నాన్నమ్మ అయిదు. కోడలు నాలుగు. మా అబ్బాయి రెండు, ఎందుకంటే తువ్వాలు ఎక్కడుందో అడుగుతాడు. నేను ఒకటి. ఫోనులో బొమ్మ తెరవడానికీ, కళ్లజోడు వెతకడానికీ, మందు బిళ్ల గుర్తుచేయడానికీ మనిషి కావాలట. అప్పీలు చేసుకుందామంటే న్యాయమూర్తికి ఏడేళ్లు.

కొలతల రోజున నాన్నమ్మ తన గుంపు నిలబెట్టుకుంది. లీటరు గ్లాసు తెమ్మని పుస్తకం అడిగితే ఆవిడ అటకమీంచి గిద్ద, సోల, తవ్వ దింపింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. వంటింటి నిండా బియ్యం పరిచి పిల్లచేత కొలిపించింది. మర్నాడు పిల్ల బళ్లో తవ్వ గురించి చెబితే టీచరమ్మ వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మ పెట్టింది. దాంతోపాటు, ఆ బియ్యం ఎత్తలేక తాతయ్య ఏమన్నాడో కూడా పిల్ల చెప్పిందని తర్వాత తెలిసింది. బడి వార్తలు ఇంటికి పంపేటప్పుడు ఇంటి వార్తలు బడికి పోకుండా ఏదైనా ఏర్పాటు చేయాలని బడి కమిటీ ఎస్‌డీఎంసీ వారికి నా మనవి.

అన్నిటికంటే పెద్ద వార్త మక్కళ సంతె, అంటే పిల్లల సంత. పిల్లలు ఇళ్లనుంచి కూరలు తెచ్చి బడి ఆవరణలో కుప్పలు పోస్తారు, తల్లిదండ్రులు కొనాలి. లెక్కలు, చిల్లర, బేరం అన్నీ ఒక్కపూటలో వస్తాయని టీచర్ల నమ్మకం. నిజమే, వస్తాయి. మా మనవరాలి కుప్పలో మా పెరటి వంకాయలు, మా పెరటి కొత్తిమీర. విత్తు నాది, నీళ్లు నావి, కోసి బుట్టకెత్తిందీ నేనే. అర కిలో వంకాయలు ఇరవై రూపాయలంది. తాతయ్యకైనా అంతేనా అన్నాను. "బళ్లో తాతయ్య ఉండడు, గిరాకీ ఉంటుంది" అంది. యాభై నోటిస్తే చిల్లర లేదని మిగతా ముప్ఫైకీ కొత్తిమీర కట్టలు చేతిలో పెట్టింది. పక్క కుప్ప పిల్లాడు మాత్రం వాళ్లమ్మకి పావుకిలో బెండకాయలు ఊరికే ఇచ్చేశాడు. వాడు ఇంకా రెండో గుంపేనని మా పిల్ల తర్వాత నాకు రహస్యంగా చెప్పింది.

ఆ రాత్రి మా ఇంట్లో కొత్తిమీర పచ్చడి, మర్నాడూ అదే.

మీ ఊరి బళ్లో సంతె పెడితే తప్పకుండా వెళ్లండి. వంకాయలు మాత్రం ఇంటి దగ్గరే దాచుకోండి, జేబులో పది రూపాయల నోట్లు పెట్టుకోండి. అక్కడ ఫోన్‌పే నడవదు, చుట్టరికం అసలే నడవదు.