బావ, పెన్‌డ్రైవు

బంధువుల్లో ఒకరు హోమియో గోళీలిస్తారు, ఒకరు ఎల్ఐసీ కట్టిస్తారు, ఒకరు సంబంధాలు చూస్తారు. మా బావ లినక్స్ ఎక్కిస్తాడు.

అలంపూర్ చౌరస్తా నుంచి తుంగభద్ర ఒడ్డు దాకా ఎవరింట్లో కంప్యూటర్ మూలిగినా ఆయనకు తెలిసిపోతుంది. బైకు తాళాల గుత్తికే పెన్‌డ్రైవు, దాన్నిండా లినక్స్ మింట్. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ఆగినప్పటి నుంచి ఈయన్ని పట్టడం మా తరం కావట్లేదు.

మొదటి అస్త్రం డబ్బు. అది మా ఊళ్లో పారదు. "లినక్స్‌కు పైసా కట్టే పని లేదు" అంటే, "విండోస్‌కు మాత్రం ఎవరు కట్టినారు?" అని అమాయకంగా అడుగుతారు. అప్పుడు చరిత్ర తీస్తాడు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రకటించడం, 1991లో టోర్వాల్డ్స్ లినక్స్ వదలడం, హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' వాళ్లు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తేవడం. వినేవాడు టీ తాగి లేచిపోయినా కథ ఆగదు. ప్రింటర్ పలకకపోతే తప్పు ప్రింటర్ కంపెనీది. వైఫై అందకపోతే చిప్పు కంపెనీది. రెండూ పనిచేశాయా, చూశావా లినక్స్ మహిమ!

నేను భోజనానికి వెళ్లొచ్చేలోపు నా డీటీపీ షాపు కంప్యూటర్‌కూ దీక్ష ఇచ్చేశాడు. ఎదురుగా ఉండవెల్లి పెళ్లిపెద్ద కూర్చున్నాడు. పెద్దకూతురి పెళ్లి కార్డు మా దగ్గరే ఉంది, పేర్లు మార్చి చిన్నదానికి వేయాలి. 2001 నాటి పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు. ఫైలును లిబ్రేఆఫీస్ తెరిచింది. తెరిచిందంతే. 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట నెత్తిన టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు.

"మేం చేసేది ఉండవెల్లిలో పెళ్లి సార్, అమెరికాలో కాదు" అన్నాడు పెద్దాయన.

బావ చలించలేదు. "అనూలో ఇంగ్లీషు కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినారు. ఫాంటు లేకుంటే ముసుగు ఊడిపోతది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత కోడ్‌లు ఉన్నాయి. మారాల్సింది మీరు!"

"మారడమంటే మాటలా బావా?"

"శ్రీశైలం నీళ్లలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి మన అలంపూర్‌లో నిలబెట్టలే? నీ నాలుగు ఫైళ్లు ఎంత?"

"ఆ గుడికి ఏళ్లు పట్టింది. ఈయనకు ముహూర్తం ఎల్లుండి కాక ఆవలెల్లుండి."

నోరు మూసుకున్నాడు. కానీ లేవలేదు. రాత్రంతా కూర్చుని, శీర్షికలు రామభద్ర ఫాంటులో, వివరాలు మండలి ఫాంటులో కార్డు మొత్తం కొత్తగా కొట్టి, పీడీఎఫ్ చేసి పొద్దున్నే కర్నూలు ప్రెస్సుకు పంపాడు. కార్డు ముత్యంలా వచ్చింది. పైసా ముట్టలేదు. విండోస్ 11 కాదుపొమ్మన్న నా ముసలి కంప్యూటరేమో కుర్రదానిలా పరుగెడుతోంది. ఇలాంటి మనిషిని తిట్టాలంటే ఎంత కష్టం! ఇప్పుడు నేనే వచ్చినవాళ్లందరికీ "మ్యాటర్ యూనికోడ్‌లో తెండి" అని క్లాసు పీకుతున్నానని షాపు కుర్రాడి ఫిర్యాదు.

జిల్లా మొత్తాన్నీ మార్చడానికి బయల్దేరిన మనిషి, మా అక్క ల్యాప్‌టాప్ జోలికి మాత్రం పోడు. అందులో ఇప్పటికీ విండోసే. కారణం అక్కే చెప్పింది:

"దాన్ని ముట్టుకుంటే ఆ రోజు నుంచి వంట కూడా ఓపెన్ సోర్సే అన్నా. ఎట్ల చేయాలో రాసిస్తా, నువ్వే వండుకో అన్నా."