లోపలి చొక్కా

పొరలు పొరలుగా బట్టలేసుకోవడమంటే పైపొర బాగుంటే చాలని నేను చాలాకాలం నమ్మాను. టీషర్టు మీద గళ్ల చొక్కా, దాని మీద డెనిమ్ జాకెట్. అద్దంలో నేను చూసుకునేది ఆ జాకెట్ ఒక్కదాన్నే. మెడ సాగిన టీషర్టులు, చంకల్లో రంగు వెలిసిన చొక్కాలు అన్నీ దాని కిందికి చేరిపోయేవి. లోపల ఎవరు చూస్తారు?

హైదరాబాదు జనవరిలో ఆ ధీమా మధ్యాహ్నందాకా నిలవదు. తెల్లవారుజామున 15 డిగ్రీలుండే చలి, భోజనాల వేళకి 28 దగ్గరికొస్తుంది. మేనకోడలి ఓణీల వేడుకకి పొద్దున్నే బండి మీద వెళ్లాను. లంగాఓణీ పెట్టాల్సింది మేనమామనే కదా, పిల్లకి పట్టు ఏరడంలో అంచు రంగు దగ్గర్నుంచి అన్నీ పట్టి పట్టి చూశాను. నా చొక్కాకి మాత్రం ఇస్త్రీ కూడా లేదు.

ఎండెక్కేసరికి షామియానా కింద ఒకటే ఉక్క. "ఆ కోటు తీసెయ్‌రా, చెమటలు కారిపోతున్నాయి" అంది అక్క. తీస్తే నలిగిన చొక్కా, వెలిసిన చంకలు బయటపడతాయి. "చలిగా ఉందక్కా" అన్నాను. పాపం, కంగారుపడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరమనుకుని మాత్ర తెప్పించింది. ఇక అక్కడ ఉండలేక, ఫొటోలు మొదలవకముందే వచ్చేశాను. ఆ పిల్ల ఆల్బమ్‌లో మేనమామ లేడు. ఒక చొక్కా కోసం అంత పని చేశానని తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పైది తీసేస్తే కిందిది ఒంటరిగా నిలబడగలగాలి. పొరల్లో అసలు కిటుకు అదే. వెచ్చదనమిచ్చేది బట్టల మందం ఒక్కటే కాదు, పొరల మధ్య చిక్కుకున్న గాలి కూడా. అందుకే లోపలిది పల్చగా, ఒంటికి దగ్గరగా ఉండాలి, పైకొచ్చేకొద్దీ వదులు పెరగాలి. బిగుతు చొక్కా మీద బిగుతు జాకెట్ వేస్తే గాలికి చోటే ఉండదు, చేతులూ మడత పడవు. గళ్లో చారలో ఏదో ఒక పొరకే, మిగతావి సాదావే నయం.

మన ఎండలకి డెనిమ్ బరువెక్కువ. ఇప్పుడు నేను సాదా టీషర్టు మీద పొందూరు ఖద్దరు చొక్కా గుండీలు పెట్టకుండా వేస్తాను. వాలుగ చేప దవడతో ఏకిన దూదిని చేత్తో వడికి నేసే బట్ట అది. గాలాడుతుంది, ఉక్కపోస్తే మడిచి సంచిలో పెట్టేసుకోవచ్చు. కుట్టించేటప్పుడు దర్జీ దగ్గరికి టీషర్టు వేసుకునే వెళ్తాను. దాని మీదనే కొలతలు తీయించి, భుజం దగ్గర, చంక దగ్గర కాస్త వదులు పెట్టించుకుంటాను.