మా బండికి జరం

ఆ లైటు మళ్ళీ వెలిగింది.

ఏ లైటో డీజిల్ బండి ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, లేనివాళ్ళకు చెప్పినా ఏడుపు రాదు. మీటర్ల నడుమ పసుపు రంగులో ఇంజన్ బొమ్మ. తాళం తిప్పగానే అన్ని లైట్లతో పాటు వెలగాలి, ఇంజన్ అందుకోగానే అన్నిటితో పాటు ఆరిపోవాలి. అన్నీ ఆరిపోతాయి, ఇదొక్కటి ఉంటుంది. చుట్టాలంతా వెళ్ళిపోయినా పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే అలిగిన మేనమామలాగా ఉంటుంది. పాతిక రోజులుగా దాని ముఖం నేను, నా ముఖం అది చూసుకుంటున్నాం.

మొన్న సోమవారం ఎల్లంతకుంట నుంచి వేములవాడ రాజన్నకు కోడె మొక్కు కిరాయి. పన్నెండు సీట్ల బండిలో పదిహేను మంది. పిల్లలను నేను లెక్కపెట్టలేదు, మీరూ పెట్టకండి. ఊరు దాటి కాస్త ఎత్తు ఎక్కుతుంటే పికప్ చచ్చిపోయింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా ముల్లు నలభై దాటదు. ఇంజన్‌కు తన ఆరోగ్యం మీద అనుమానం వస్తే తనంతట తానే బలం తగ్గించుకుంటుందట. దానికి 'లింప్ మోడ్' అని పేరు. కుంటినడక అన్నమాట. కిరాయి డబ్బులు ముందే తీసుకున్న రోజునే దానికి ఆ అనుమానం ఎందుకొస్తుందో కంపెనీ పుస్తకంలో లేదు.

వెనక నుంచి వరిగడ్డి ట్రాక్టరొకటి వచ్చి దాటిపోయింది. దాటితే దాటింది, దాటుతూ హారన్ కొట్టడమెందుకు? వెనక సీట్లోంచి ఒక అవ్వ "నిమ్మలంగ పోనియ్యి బిడ్డా, రాజన్న యాడికి పోడు" అంది. ఓదార్పో వెక్కిరింపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మ అడిగింది.

"బండికేమైందిరా?"

"ఈజీఆర్ ఖరాబైందే."

"ఏ జరం?"

"జరం కాదే, ఈజీఆర్."

"గదే, ఈ జరం ఎప్పటిసంది?"

మా అమ్మ చెవిన పడ్డదంటే వాడకట్టు చెవిన పడ్డట్టే. తెల్లారేసరికి పరామర్శలు మొదలయ్యాయి. "జరం తగ్గిందా తమ్మీ?" అని ఒకరు, "దిష్టి తియ్యి, నిమ్మకాయలు కట్టు" అని ఒకరు. చాయ్ హోటల్ దగ్గర ఒక పెద్దమనిషి జరం నాకే అనుకుని, "టైఫాయిడ్ కావచ్చు, అశ్రద్ధ చెయ్యకు" అంటూ కొబ్బరిబోండం కొనిచ్చాడు. తాగాను. ఈజీఆర్ వల్ల ఇన్ని రోజుల్లో నాకు కలిగిన లాభం అదొక్కటే.

సిరిసిల్లలో ఒక ఉస్తాద్ ఉన్నాడని ఎవరో చెబితే కుంటినడకనే అక్కడికి పోయాను. ఆయన స్టీరింగ్ కింద వైరు గుచ్చి, చేతిలో డబ్బా చూసి, "పీ 0401" అన్నాడు.

"అంటే?"

"పొగ లోపలికి సరిగ్గ పోతలేదన్నా."

"పొగ బయటికి గద పోవాలె?"

"జర లోపలికి గూడ పోవాలె."

"ఎందుకు?"

ఉస్తాద్ స్క్రూడ్రైవర్‌తో ఆకాశం వైపు చూపించి, "గవర్నమెంటు" అన్నాడు.

ఆ జవాబుతో నాకు తృప్తి కలగక సొంతంగా కొంత చదువుకున్నాను. సంగతిది. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. మామూలుగా ఎవరి జోలికీ పోని సాధుజీవి. డీజిల్ ఇంజన్ లోపల మంట మరీ వేడెక్కితే మాత్రం ఆక్సిజన్‌తో జతకట్టి, నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారి, బయటికొచ్చి మనుషుల ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకని ఒకసారి కాలిన పొగనే కొంత మళ్ళీ లోపలికి పంపుతారు. దాంట్లో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట మెత్తబడుతుంది, పొయ్యిలో పచ్చికట్టె దోపినట్టు. ఎంత పొగ పోవాలో, ఎప్పుడు పోవాలో చూసి తెరుచుకునే మూతే ఈజీఆర్ వాల్వ్.

ఆలోచన బంగారమే. కానీ పొగ ఒక్కతే రాదు, మసిని వెంటబెట్టుకొస్తుంది. ఇంకో గొట్టం నుంచి ఇంజనాయిల్ ఆవిరి వస్తుంది. మసికి జిడ్డు కలిస్తే ఏమవుతుందో ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి, దానికంటిన మసిలో ఇంత నెయ్యి కలిపిన ప్రతి అమ్మమ్మకూ తెలుసు. కాటుకవుతుంది. ఇంత చదువు చదివిన ఇంజనీర్లు ఒక్క అమ్మమ్మను అడిగి ఉంటే సరిపోయేది. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్‌ను పల్లినూనెతో నడిపి చూపించారు. మిర్చిబజ్జీలు వేసే నూనె తాగి నడిచిన వంశమిది. దాని మునిమనుమడు తన పొగ తనకే పడక మంచం పట్టాడు.

"పాత డీసీఎంలకు ఈ లొల్లే లేకుండె" అని నిట్టూర్చాడు ఉస్తాద్.

డీసీఎం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బండి ఎట్లాగూ నడవడం లేదు, మీకూ నాకూ తొందరేముంది?

మా దిక్కు లారీ కంటే చిన్నది, ట్రాలీ కంటే పెద్దది ఏదైనా సరే డీసీఎమ్మే. ఏ కంపెనీ చేసిందన్నది వేరే సంగతి. ముందు అద్దం మీద కంపెనీవాడు తన పేరు అడుగెత్తున రాసుకున్నా మేం చదవం. పెళ్ళికి "డీసీఎం మాట్లాడినం" అంటాం, ధాన్యానికి "డీసీఎం పంపు" అంటాం. పేపర్లో "డీసీఎం బోల్తా, పలువురికి గాయాలు" అని వస్తుంది. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న మా మేనల్లుడు ఒకసారి ఆ హెడ్డింగు చూసి, డిప్యూటీ సీఎం ఎక్కడ బోల్తా పడ్డాడో, ప్రశ్నగా వస్తే ఏ జిల్లా అని రాయాలో కంగారుపడ్డాడు.

ఇంతకీ డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. అవును, బట్టల మిల్లు. 1889లో ఢిల్లీలో పుట్టింది. ఆ కంపెనీయే 1980లలో జపాన్ టొయోటాతో కలిసి చిన్న ట్రక్కులు చేసింది. 1990లలో ఆ కార్ఖానా కొరియా దేవూ చేతికి పోయింది, తర్వాత దేవూ కూడా పోయింది. ట్రక్కు పోయినా పేరు మాత్రం మా నోళ్ళలో పాతుకుపోయింది. ఇప్పుడు సిరిసిల్ల సంగతి చూడండి. ఊరంతా మరమగ్గాల చప్పుడు. 2017 నుంచి బతుకమ్మ చీరలు కోట్ల కొద్దీ నేసిన ఊరు. ఆ బట్ట మూటలు కట్టి దేంట్లో ఎక్కిస్తారు? డీసీఎంలో. అంటే సిరిసిల్ల నేతగాడు నేసిన బట్ట ఢిల్లీ బట్టల మిల్లు వీపెక్కి పోతోంది. పోటీదారుణ్ణి ఇంత చక్కగా గాడిద చేసుకున్న ఊరు దేశంలో ఇంకోటి ఉందా? ఈ మాట ఉస్తాద్‌కు చెప్పి మురిసిపోయాను. ఆయన నట్టు విప్పుతూ, "బిల్లు తగ్గదన్నా" అన్నాడు.

వాల్వ్ విప్పాడు. విప్పి, పట్టుకారుతో లోపలి నుంచి ఒక చదరపు రేకుముక్క తీసి నా ముఖం ముందు పెట్టాడు. కడుపు కోసిన డాక్టరుకు లోపల తాయెత్తు దొరికితే ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు.

"ఇదెవరేసిండ్రన్నా?"

ఇక ఒప్పుకోక తప్పలేదు. పాతిక రోజుల కిందట మొదటిసారి లైటు వెలిగినప్పుడు తెలిసినతను ఒకడు, "ఇరవై నిమిషాల పని" అని ఆయిల్ డబ్బా కత్తిరించి పొగదారికి అడ్డంగా ఈ రేకు బిగించాడు. పొగ లోపలికి పోదు, మసి పట్టదు, పీడా వదులుతుంది. లైటు మాత్రం ఆరలేదు, పొగ రావడం లేదని కంప్యూటర్ కనిపెట్టేసింది. దానికీ అతని దగ్గర మందుంది. లైటు మీద నల్లటేపు ముక్క అంటించుకోమన్నాడు.

2015లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ దొరికిపోయింది గుర్తుందా? పరీక్ష జరుగుతోందని బండికి తెలిసిపోయేలా, అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండేలా సాఫ్ట్‌వేర్ రాశారు. రోడ్డెక్కితే ఇష్టారాజ్యం. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బండ్లు. అంత పెద్ద కంపెనీ, అంతమంది ఇంజనీర్లు, ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన పనిని మావాడు ఆయిల్ డబ్బా, కత్తెరతో చేశాడు. పైగా వాళ్ళు దొరికిపోయారు, మేం దొరకలేదు. రేకు ఉండగానే పొల్యూషన్ చెకింగ్‌కు పోతే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. డీజిల్ బండికి అక్కడ కొలిచేది పొగ ఎంత నల్లగా ఉందన్నదే. రేకు వేస్తే నలుపు తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటికి రంగు పెద్దగా కనపడదు. కనపడని దాన్ని కొలిచే గొట్టం ఆ పెట్టెకు లేదు.

ఉస్తాద్ గీకుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మూత చుట్టూ వేలు మందాన పేరుకుంది. పైన పొడి మసి, కింద తారులాంటి ముద్ద. స్ప్రే కొట్టి, నానబెట్టి, స్క్రూడ్రైవర్‌తో పెళ్ళలు లేపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. కింద పరిచిన పేపరంతా నల్లబడ్డాక అడుగున అల్యూమినియం తెల్లగా కనపడింది. మూతను బొటనవేలితో నొక్కితే టక్కున మూసుకుంది.

"ఎందుకింత పడుతదంటే, నీ నడక మంచిది కాదన్నా" అన్నాడు. ఊరికీ ఊరికీ నడుమ చిన్న చిన్న ట్రిప్పులు, ఇంజన్ కాగకముందే ఆపడం, అన్నిటికంటే ఘోరం, నిలబెట్టి నడపడం. ఇది నన్నంటే ఎట్లా? ఫంక్షన్ హాల్ ముందు మూడు గంటలు బండి స్టార్టింగులో ఉంచమనేది ఎవరు? లోపల భోజనాలవుతుంటే, చంటిపిల్ల నిద్రపోతోందని ఒకరు, చీర నలుగుతుందని ఒకరు, ఊరికే ఒకరు, ఏసీ వేసుకుని బండిలో కూర్చుంటారు. కిరాయి మాట్లాడేటప్పుడు రూపాయి రూపాయికీ గీసిగీసి బేరమాడినవాళ్ళే. నిలబడి కాలిన డీజిల్ నాది, పట్టిన మసి నాది, గీకుడు కూలి నాది. అడిగితే "గంత దానికి గూడ పైసలా అన్నా?" కొత్త వాల్వ్ పదహారు వేలు చెప్పాడు ఉస్తాద్. గంత దానికే.

ఆయన రాసిచ్చిన మందు ఏమిటంటే, వారానికోసారి పెద్దరోడ్డెక్కి, అరగంట సేపు ఇంజన్ నిమిషానికి రెండువేల ఐదువందల చక్కర్లకు తగ్గకుండా తోలాలి. ఊరికే, ఖాళీగా. బీపీ ఉన్నవాడికి వాకింగ్ చెప్పినట్టు. వాకింగ్‌కు డీజిల్ కాలదు, అదొక్కటే తేడా.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"ఎంత తీసుకున్నడు?"

"మూడువేల ఐదువందలు."

"గీకినందుకేనా?"

"గీకినందుకే."

దగ్గింది. దగ్గు ఆగేదాకా కత్తెర ఆపి, మళ్ళీ తునికాకు కత్తిరిస్తూ, "నన్నుగూడ ఓసారి ఇప్పి గీకమనరాదురా" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం చుట్టి చాటలో వేసింది. పన్నెండేళ్ళ వయసు నుంచి ఆమె చేస్తున్న పని ఇది. నా బండి డౌన్ పేమెంటు ఆమె పీఎఫ్ డబ్బులు. పీఎఫ్ తీసుకున్నాక కూడా పక్కింటామె కార్డు మీద చేస్తూనే ఉంది. తంబాకు దుమ్ము లోపల ఎంత పేరుకుందో చెప్పే ఎక్స్‌రే కవరు పోయిన ఎండాకాలం నుంచి బీరువా మీద ఉంది. పీ 0401 అంటే ఏమిటో నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఆ కవరు విప్పి మళ్ళీ చూడలేదు.

ఆదివారం పొద్దున బండికి వాకింగ్. తాళం తీసుకుంటుంటే అమ్మ చెప్పులు వేసుకుంది.

"యాడికి పోతున్నవ్?"

"యాడికి లేదే. ఊకెనే. బెజ్జంకి దాటి రాజీవ్ రహదారెక్కి, టోల్‌గేటు రాకముందే మర్లొస్త."

"నేనుగూడ వస్త. ఊకెనే ఎన్నడు పోయిన గనుక?"

ముందు సీట్లో కూర్చోబెట్టాను. రోడ్డెక్కాక తొక్కితే బండి పాత జోరు అందుకుంది. ఆమె కొంగు బిగించుకుని, అద్దం దించి, ముఖం గాలికి పెట్టింది. అరగంటలో ఒక్కసారి కూడా దగ్గలేదు. లెక్కపెడుతూనే ఉన్నాను.

మర్లేచోట బ్రేకు వేస్తుంటే మీటర్ల నడుమ పసుపు రంగులో వెలిగింది.

"గా లైటేందిరా? సల్లగాలిదా?" అంది అమ్మ.

అవునన్నాను.